కింది కయ్యలో ఆఖరి నాట్లు

అరవైకి దగ్గరపడ్డ మనిషిని "పాపా" అని పిలిస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మా పొలంలో మాత్రం నన్ను అందరూ అలాగే పిలుస్తారు. నాట్లకు వచ్చేవాళ్ళంతా నాకంటే పెద్దవాళ్ళు మరి.

కనకమ్మ సత్రం దాటి తిరుత్తణి వైపు వచ్చే దారిలో మా ఊరు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నాట్ల రోజున కయ్య నిండా ఆడవాళ్ళే. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వంగిన నడుములే కనబడేవి. తర్వాత తర్వాత పలచబడిపోయారు. ఒకామె పోయింది, ఒకామెకు చూపు మందగించింది, ఇంకొకామెకు మోకాళ్ళు పోయాయి. వాళ్ళ చోట కొత్తగా ఎవరూ దిగలేదు.

ఆ మనుషులను కూడగట్టి తెచ్చేది ఒక అక్క. ఊరందరికీ అక్కే. డెబ్భై దాటి ఉంటుంది. నా నాటు వంకర పోతే పదిమందిలో తిట్టిపోసేది, మధ్యాహ్నం తన సంగటి ముద్దలో సగం నా చేతిలో పెట్టేది. ఆమె పిలిస్తే ఎవరూ రామనేవాళ్ళు కాదు.

పోయిన కారు పంటప్పుడు మా ఆయన తెగేసి చెప్పాడు. "ఈ తూరి నాట్లు పడకపోతే కింది కయ్యలో సవుకు వేసేద్దాం. చెట్లకైతే కూలోళ్ళను బతిమలాడే పన్లేదు." వరి కయ్యలో సరుగుడు చెట్లంటే నేను ఊరుకోలేదు. మా ఇంటిల్లిపాదీ తినేది ఆ కయ్య బియ్యం, మా ఆవు మేసేది ఆ కయ్య గడ్డి. బియ్యం కొనుక్కుని తినేదానికి మనం సేద్యగాళ్ళమెందుకని అరిచి, పంతానికి నారు పోయించాను.

నారు పచ్చగా లేచింది. కయ్య దున్ని చదును చేశాం. నాట్ల రోజున అక్క వెంట ముగ్గురే వచ్చారు. ఎండెక్కేసరికి ఒకామె కళ్ళు తిరిగి గట్టు మీద పడుకుంది. మర్నాడు మిగతా ఇద్దరూ రాలేకపోయారు. నాటు మిషను అతను వచ్చి బురదలో కాలు పెట్టి చూసి, ఈ పల్లంలో మిషను దిగబడిపోతుందని వెళ్ళిపోయాడు. ఉత్తరాది కూలీలను తెచ్చే మేస్త్రీకి ఫోన్ చేస్తే, ఇంత చిన్న కయ్యకు మనుషులను పంపలేనన్నాడు. మడిలో నారు కొనలు పసుపు తిరగసాగాయి. ముదిరిన నారు నాటినా పిలకలు వెయ్యదు.

పొద్దున్నే మా ఊరి మలుపులో కంపెనీ బస్సు ఆగుతుంది. మెడలో కార్డులు, తలలో మల్లెపూలు, వయసులో ఉన్న ఆడపిల్లలంతా అందులో ఎక్కి పోతారు. అక్క కోడలు కూడా. ఆ బస్సును చూస్తే నాకు ఒళ్ళు మండేది. మేస్త్రీ కాదన్న సాయంత్రం నేరుగా అక్క ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది.

"అక్కా, నీ కోడల్ని రెండు దినాలు లీవు పెట్టమను. నారు ముదిరిపోతాంది" అన్నాను.

"లేదు పాపా" అంది తలెత్తకుండానే. ఇన్నేళ్ళలో నాకు లేదని ఆమె చెప్పడం అదే మొదటిసారి. నా నోరు ఊరుకుంటేనా?

"ఏం, బురదలో దిగితే అరిగిపోతాదా?"

అప్పుడు తలెత్తి చూసింది. "అది వంగకూడదనే గదా పాపా నేను ఇన్నేండ్లు వంగినా. నీ బిడ్డను దించు. నీ బిడ్డ ఒక పక్క, నా కోడలు ఒక పక్క. అట్లయితే నేనే దాన్ని పిల్చుకోనొస్తా."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. నా కూతురు పట్టాభిరామ్‌లో కాపురముంటుంది, రోజూ ఎలక్ట్రిక్ రైలెక్కి మద్రాసులో ఆఫీసుకు పోతుంది. చిన్నప్పుడు అది సరదాపడి కయ్యలో కాలు పెట్టబోతే, పుస్తకం తియ్యిపో అని గట్టు మీది నుంచే తరిమినదాన్ని నేను. ఇంటికొచ్చే దారి పొడుగునా ఫోన్ చేతిలోనే ఉంది. చెయ్యలేదు. ఏమని అడగను?

మర్నాడు తెల్లవారేసరికి అక్క కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. "సుమ్మా ఇంట్లో కూచోని ఏం జేసేది? రా, దిగుదాం" అంది. నిన్నటి మాట ఇద్దరం ఎత్తలేదు. మధ్యాహ్నానికి నాలుగు మంచాలు పట్టేంత మేర నాటాం. ఆ తర్వాత ఆమె నడుము లేవలేదు. చంకల కింద చేతులు వేసి లాగబోతే ఇద్దరం కలిసి బురదలో కూలబడ్డాం. పడీ పడీ నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాతో కాదు పాపా, చాలు" అంది.

మిగిలిన నారు మేకలు మేశాయి. నాటిన ఆ కాస్త వెన్ను తీసింది గానీ, చుట్టుపక్కల ఇంకెక్కడా పైరు లేక పిట్టలన్నీ దాని మీదే పడ్డాయి. గింజ ఇంటికి రాలేదు. గడ్డి లేక ఆవును అమ్మేశాం. ఇప్పుడు బియ్యం మూట తిరువళ్ళూరు అంగడి నుంచి వస్తుంది. ఎసట్లో పోసేటప్పుడల్లా నాకు దుఃఖం వస్తుంది.

కింది కయ్యలో సవుకు మొక్కలు పెట్టిన రోజున అక్క కర్ర పొడుచుకుంటూ చూడ్డానికొచ్చింది.

"ఇది ఎన్నేండ్లకు కోతకొస్తాది?"

"నాలుగైదేండ్లు పడతాదంటక్కా."

ఆమె కర్ర కొసతో ఒక మొక్క మొదట్లోకి మన్ను ఎగదోసింది. "అప్పుటికి నేనుంటే, కోతకు నన్ను మర్సిపోవద్దు పాపా. పిలువు" అంది.

"నిన్ను పిలవకుండా కోత యాడ జరిగిందక్కా" అన్నాను. ఆ చెట్లను కోసేది లారీ వెంట వచ్చే రంపం మిషను అని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.