బావ గొంతులోంచి నేను తీసేసిన ఊపిరి

మొన్న ఎండాకాలంలో మా మేనకోడలు పులివెందుల నుంచి వచ్చి, ప్రొద్దుటూరులో మా ఇంటి వసారాలో కూర్చుని, లాప్‌టాప్ తెరిచి నా వైపు తిప్పింది. తెర మీద ఒక పెట్టె బొమ్మ ఉంది. బూడిద కలిసిన నీలం రంగు ముఖం, దాని మీద వరుసగా నల్లటి నాబ్‌లు, ఒక మూలన చిన్న ఎర్రదీపం, అంచుల్లో రంగు లేచిపోయినట్టు గీతలు కూడా ఉన్నాయి. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నా పనికాలంలో సగం గడిచింది అలాంటి పెట్టె ముందే.

ఎప్పటిదో స్టూడియో మిషన్ను చూసి అచ్చం అట్లాగే పనిచేసేలా సాఫ్ట్‌వేర్ తయారు చేశారని ఆ పిల్ల చెప్పింది. ఆమె పెళ్లి వీడియోలు కూర్చే పనిలో ఉంది కాబట్టి ఇలాంటివి ఆమెకు బాగా తెలుసు. పాత మిషన్లలో కరెంటు వల్ల వచ్చే సన్నని రొద కూడా అందులో పెట్టారట, కావాలంటే ఒక బటన్ నొక్కి కలుపుకోవచ్చట. ఆ రొదను వదిలించుకోవడానికి మేం ఎర్తింగ్ కోసం మట్టిలో ఇనుప కడ్డీలు పాతి, నీళ్లు పోసి, తీగలు మార్చి మార్చి కట్టి ఎన్ని పాట్లు పడ్డామో తలుచుకుంటే నవ్వొచ్చింది. ఆ పూట నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ఆమె వచ్చిన పని వేరే. మా అక్కకు, అంటే ఆ పిల్ల తల్లికి, చెవులు మందగించాయి. చనిపోయిన మా బావ పాటల క్యాసెట్టు పెడితే గొంతు తెలియడం లేదని, ఏదో దూరంగా బండి పోతున్నట్టు మాత్రమే వినిపిస్తున్నదని అక్క అంటోందట. ఆ క్యాసెట్లన్నిటికీ మూలమై, నా ఇనుప పెట్టెలో దాచుకున్న స్టూడియో టేపును అంతకుముందే ఆ పిల్ల తీసుకుపోయి, కడపలో ఎవరి దగ్గరో కంప్యూటర్లోకి ఎక్కించుకు వచ్చింది. ఈ ఈక్వలైజర్‌తో నువ్వే సరిచేసి ఇవ్వు మామా, మా అమ్మ చెవికి అందేటట్టు చెయ్యి, అని అడిగింది.

క్యాసెట్ల కాలం చూసిన వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మిద్దె మీద ఒకే ఒక గది మా స్టూడియో. బయటి చప్పుడు రాకుండా గోడలకు పరుపుల్లో పెట్టే దూది దట్టించి, పైన గుడ్డ కట్టాం. మా యజమాని హరికథలు, పౌరాణిక నాటకాల పద్యాలు, పీర్ల పండుగ పాటలు, చెక్కభజనలు రికార్డు చేయించి తిరణాలలకు పంపేవాడు. మద్రాసులో మూతపడిన ఒక స్టూడియో నుంచి ఆయన తెచ్చిన ఈక్వలైజర్ మా గదిలో అన్నిటికంటే విలువైన వస్తువు. గొంతులోని బరువును, పదును, గరగరను విడివిడిగా ఎక్కించడానికీ దించడానికీ వాడే పెట్టె అది. దానితో బొంగురు గొంతును నున్నగా చేయడంలో నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు లోలోపల గర్వం కూడా ఉండేది.

మా బావ పులివెందుల దగ్గరి కొండల్లో ఒక రాతినార గనిలో పనిచేసేవాడు. రాయిని పగలగొడితే లోపల పట్టుదారాల్లాంటి నార ఉంటుంది, దాన్ని తీసి రేకులకూ గొట్టాలకూ వాడేవారు. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. అక్క వాకిట్లోనే నిలబెట్టి తువ్వాలుతో దులిపేది. ఆ దుమ్ములో బతికిన మనిషికి అంత గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. చెక్కభజనలో ఆయన ఒక్క పంక్తి అందుకుంటే వెనకున్న పదిమందీ అడుగు తప్పేవారు కాదు. జమ్మలమడుగు నుంచి, పెద్దముడియం నుంచి కూడా బండ్లు కట్టించి పిలిపించుకునేవారు.

ఆయన పాటలు రికార్డు చేద్దామని యజమానితో చెప్పి ఒప్పించింది నేనే. తిరణాలకు ముందు ఒక మధ్యాహ్నం ఆరుగురు మనుషులతో బావ వచ్చాడు. చప్పుడవుతుందని ఫ్యాను ఆపేశాం. చెమటలు కారుతుండగా ఆయన కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. నా చెవులకున్న హెడ్‌ఫోన్లలో పాటతో పాటు ఇంకొకటి కూడా వినిపించింది. ప్రతి పంక్తికి ముందు ఊపిరి తీసుకున్నప్పుడల్లా, సన్నని ఈల, దాని కింద ఎండుటాకులు నలిగినట్టు గరగర. మధ్యమధ్య దగ్గు. దగ్గు వచ్చిన ప్రతిసారీ ఆయన సిగ్గుపడి, మొదటి నుంచి పాడతాననేవాడు. అప్పటికే అక్క ఆయనను జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోవాలని నెలరోజులుగా పోరుతున్నదని నాకు తెలుసు. వచ్చే సోమవారం పోతానని ఆయన మాటిచ్చాడు కూడా.

యజమాని నా భుజం మీద చెయ్యివేసి, ఆ ఈల పోవాలని మాత్రం చెప్పాడు. రెండు రోజులు కూర్చున్నాను. దగ్గు పడిన చోట టేపును బ్లేడుతో కోసి అతికించాను. ఈల ఏ స్థాయిలో ఉందో నాబ్ తిప్పుతూ వెతికి పట్టుకుని, గొంతు చెడకుండా అంతమేరకే దించాను. గరగరను అడుగు నుంచి తీసేశాను. అలా సరిచేసినదాన్ని ఇంకో టేపు మీదికి ఎక్కించాను. ఒట్టి గొంతు ఉన్న మొదటి టేపును చెరిపేసి, ఆ వారమే ఒక హరికథకు వాడుకున్నాం. టేపులు దొరకడం కష్టమైన రోజులవి, అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

చెరిపేయడానికి ముందు బావను పిలిపించి, టేపును ఈక్వలైజర్ గుండా వినిపించాను. ఆయన స్పీకరు ముందు చేతులు కట్టుకుని, బడిలో పిల్లవాడిలా కూర్చున్నాడు. పాట మొత్తం కదలకుండా విన్నాడు. అయిపోయాక అరచేయి రొమ్ము మీద పెట్టుకుని నన్ను చూశాడు.

"యాడా దగ్గు లేదు గదప్పా. నా రొమ్ము బాగున్నట్టే గదా?"

ఆ పెట్టెకు ఒక స్విచ్చు ఉండేది. దాన్ని నొక్కితే మా సవరణలేవీ లేని అసలు శబ్దం వినిపిస్తుంది. నా చెయ్యి దానికి జానెడు దూరంలో ఉంది.

"శానా బాగొచ్చింది బావా," అన్నాను.

నేను పాట గురించి అన్నాను. ఆయన అడిగింది పాట గురించి కాదని ఆ క్షణంలోనే నాకు తెలుసు. అయినా నా పనితనాన్ని నేనే విప్పి చూపించడానికి మనసొప్పలేదు. ఆ సోమవారం ఆయన జమ్మలమడుగు పోలేదు, గనికి పోయాడు.

తిరణాలలో క్యాసెట్టు బాగా పోయింది. ఒక ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్క మళ్లీ ఆసుపత్రి మాట ఎత్తి, నువ్వన్నా చెప్పరా అబ్బీ అని నా వైపు చూసింది. బావ టేప్‌రికార్డరు నొక్కి నవ్వాడు. "వాన్నేమడుగుతావు? పాట ఇను. యాడుందో చూపీ దగ్గు." నేను చేతిలోని మజ్జిగ తాగేసి, బస్సుకు వేళయిందని లేచాను. బస్సుకు ఇంకా గంట టైముంది.

దాదాపు రెండేళ్ల తర్వాత, ఇంటి నుంచి రోడ్డు దాకా నడవలేని స్థితి వచ్చాక, అక్కా నేనూ ఆయనను జమ్మలమడుగు తీసుకుపోయాం. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి, ఊపిరితిత్తుల అడుగున తెల్లటి గీతలు చూపించాడు. గనిలో పీల్చిన నార లోపల పేరుకుపోయిందని, దాన్ని తీసే దారి లేదని నెమ్మదిగా చెప్పాడు. ముందే వచ్చి, ఆ పని మానేసి ఉంటే ఇంకొన్నేళ్లు తేలికగా గడిచేవేమో అన్నాడు. అక్క ఆ మాట విని తల వంచుకుంది. మొగుణ్ణి బలవంతంగానైనా లాక్కురాలేకపోయానని ఆ తప్పును ఆమె తన మీద వేసుకుంది. దాన్ని నేను అట్లాగే ఉండనిచ్చాను. మంచం మీద బావకు చివరి నెలలు పడుకోవడానికి కూడా వీలు లేకుండా గడిచాయి. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, కూర్చునే కునికేవాడు. అట్లా కూర్చునే పోయాడు. మేనకోడలికి అప్పుడు మూడేళ్లు. తండ్రి గొంతంటే ఆమెకు తెలిసింది క్యాసెట్టులో నేను నున్నగా చేసిన గొంతే.

ఇన్నేళ్ల తర్వాత మా వసారాలో కూర్చుని మౌస్ పట్టుకుని ఆ బొమ్మ నాబ్‌లను తిప్పడం మొదలుపెట్టాను. అక్క చెవికి అందాలంటే గొంతులోని పదును పెంచాలి. పెంచుతూ పోతే చేయి దానంతటదే ఒకప్పుడు ఈల కోసం నేను దించిన నాబ్ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఎంత దించానో నాకింకా గుర్తుంది, అంతా తిరిగి ఎక్కించాను. టేపు రొద జల్లుగా పైకి లేచింది. దాని లోపల నుంచి, పంక్తికి ముందు, పలచగా ఆ ఈల వచ్చింది. మేనకోడలు తల ఎత్తి, "ఏంది మామా ఆ సప్పుడు?" అంది.

"మీ నాయన ఊపిరి," అన్నాను.

ఆమె ఆ పంక్తిని వెనక్కి జరిపి మళ్లీ విన్నది. తర్వాత, దాన్ని తీసేయొద్దని చెప్పింది.

మరుసటి రోజు ఇద్దరం పులివెందుల వెళ్లాం. అక్క మంచం మీద కూర్చుంటే కూతురు ఆమె కొంగు సర్ది చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. పాట మొదలు కాకముందే, ఆ మొదటి ఊపిరికే, అక్క ముఖం మారిపోయింది. పాట అయ్యేదాకా ఆగి నా వైపు తిరిగింది.

"పక్కలో ఈ సప్పుడు ఇంటానే నిద్రపోతాంటిని. క్యాసెట్టులో ఎప్పుడూ లేదే. ఇన్నాళ్లూ యాడికి పాయ ఇది?"

చెప్పాను. బ్లేడుతో కోసింది, నాబ్ దించింది, ఆయన అడిగింది, నేనన్నది, ఆ స్విచ్చు సంగతి, అన్నీ ఆమె చెవికి అందేలా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అంత గట్టిగా చెప్పుకోవలసిన విషయం కాదది. పక్కింటివాళ్లకు కూడా వినిపించే ఉంటుంది. అక్క ఏడవలేదు. ఆ పొద్దు నువ్వు చెప్పింటే ఆసుపత్రికి పోయుండునా అని మాత్రం అడిగింది. పోయుండును అక్కా అన్నాను. ఆ ఒక్క జవాబును మాత్రం మెత్తగా చేయడం నాకు చేతకాలేదు.

కూతురితో నాకు అన్నం పెట్టమని చెప్పింది గానీ, ఎప్పటిలాగా వచ్చి ఎదురుగా కూర్చోలేదు. నేను బయలుదేరేటప్పుడు గడప దగ్గర నిలబడి, నన్ను కాక వీధిని చూస్తూ, "పెండ్లయిన కొత్తల్లో నేనూ ఆ గనిలోనే సుత్తితో రాళ్లు కొట్టి నార తీసినా. నా రొమ్మెట్లుందని మీరెవురూ అడగల్యా," అంది.

ఆ గని మూతపడి చాలా కాలమైంది. చెక్కభజనలో బావ వెనక అడుగువేసిన వాళ్లలో ఇప్పుడు ఒక్కరే మిగిలారు, ఆయనకు పాట గుర్తులేదు. మా స్టూడియో గదిలో ఇప్పుడు చీరల మూటలు పెట్టుకుంటున్నారు. గొంతు నున్నగా చేయడానికి ఈ రోజుల్లో నాలాంటివాడు అక్కరలేదు. చేతిలోని ఫోనే అడక్కుండా చుట్టూ ఉన్న రొదంతా తీసేసి, మాటను మాత్రం అవతలికి పంపుతుందని మేనకోడలు చెప్పింది. ఎంత మంచి సౌకర్యమో అని అందరూ అంటారు. నాకు మాత్రం ఫోనులో ఎవరైనా బాగున్నామంటే నమ్మబుద్ధి కాదు. అక్కకు ఫోను చేస్తే గొంతు కడిగినంత శుభ్రంగా వస్తుంది, బాగానే ఉండా అంటుంది, పెట్టేస్తుంది.

అందుకని నెలకు రెండుసార్లు బస్సెక్కి పులివెందుల పోతున్నాను. ఆమె నాతో ఎక్కువగా మాట్లాడదు, ఎందుకొచ్చావని కూడా అడగదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఊపిరి తీసుకుంటూ ఉంటుంది. నేను వింటూ ఉంటాను.