నీలం కాని ఆకు

రూబెన్ టీచర్ కావాలని ఎప్పుడూ అనుకోలేదు. జగ్గయ్యపేటలో బీజెడ్‌సీ డిగ్రీ అయిందనిపించుకున్నవాడికి ఆ రోజుల్లో కనపడేవి రెండే దార్లు. ఒకటి సిమెంటు ఫ్యాక్టరీ గేటు, రెండోది బీఎడ్. గేటు దగ్గర అప్పటికే వాళ్ల నాన్న ప్రేమదాసు వాచ్‌మన్‌గా నిలబడి ఉన్నాడు. అందుకని రెండోది. జీవశాస్త్రం చెప్పేవాళ్లకి డీఎస్సీలో పోస్టులు బాగా పడతాయని ఎవరో అన్నారట. ఆ ఎవరో ఎవరన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు. మనవాళ్ల బతుకుల్లో పెద్ద నిర్ణయాలన్నీ ఆయనే చేస్తుంటాడు.

నందిగామలో బీఎడ్ చేరాక రూబెన్‌కి మొట్టమొదట అర్థమైంది ఏమిటంటే, పాఠం చెప్పడానికి పాఠం రానక్కర్లేదు, లెసన్ ప్లాన్ వస్తే చాలు. ప్లాన్‌లో ఎడమ గడిలో తను అడగబోయే ప్రశ్న ఉంటుంది. కుడి గడిలో పిల్లలు చెప్పబోయే జవాబు ఉంటుంది. పిల్లలింకా పక్క మీద నుంచి లేవకముందే వాళ్ల నోట్లోంచి వచ్చే మాట అక్కడ సిద్ధంగా ఉంటుంది.

టీచింగ్ ప్రాక్టీసుకి అతన్ని నందిగామలోనే ఒక హైస్కూలుకి పంపారు. ఎనిమిదో తరగతి. కిరణజన్య సంయోగక్రియ. ఆ ఏడాదిలోనే ఆ పాఠాన్ని ఆ తరగతికి నలుగురు ట్రైనీలు చెప్పిపోయారన్న సంగతి అతనికెవరూ చెప్పలేదు. మొదటిరోజు బోర్డు మీద పాఠం పేరు రాయబోతుంటే ముందు బెంచీలోంచి క్రిస్టీ అనే పిల్ల చెయ్యెత్తింది.

"సార్, పూర్వజ్ఞానం ప్రశ్నలు మూడడగాలి. మీరు రెండే అడిగారు."

రూబెన్ ప్లాన్ తీసి చూసుకున్నాడు. నిజమే. సిగ్గు మింగి మూడోది కూడా అడిగాడు. క్లాసంతా ఒకే గొంతుతో జవాబు చెప్పి, ఇక రాసుకోమన్నట్టు బోర్డు వంక చూసింది.

ఫైనల్ లెసన్ దగ్గరపడింది. బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఆ ఒక్క పీరియడూ పోతే ఈ ఏడు సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే, రేపోమాపో పడుతుందంటున్న డీఎస్సీకి అప్లికేషన్ పెట్టడానికే లేదు. తోటి ట్రైనీ భవానీప్రసాద్ ఇలాంటివాటిలో బాగా ఆరితేరినవాడు.

"చార్టు తగిలించరా బాబూ. చార్టులో ఆకు ఎప్పుడూ నీలంగానే ఉంటది. ప్రయోగం జోలికి పోతే అది నీ మాట ఇనదు," అన్నాడు. "ఇంకోటి. తెలిసినోళ్లని కుడిచెయ్యి, తెలీనోళ్లని ఎడమచెయ్యి ఎత్తమని ముందే చెప్పు. కుడిచెయ్యోళ్లనే లేపి అడుగు."

ఆ చిట్కా చెప్పబోతే క్లాసు జాలిగా నవ్వింది. "పోయిన టీచరప్పుడే నేర్చుకున్నాం సార్."

రూబెన్ మాత్రం ప్రయోగమే చేస్తానన్నాడు. ఆకులో పిండిపదార్థం ఉంటే అయోడిన్ చుక్క పడగానే నీలమవుతుంది. అలా కళ్లెదుట ఆకు నీలంగా మారితే ఎగ్జామినర్ ఫ్లాటైపోతాడని లెక్కేసుకున్నాడు. ఇన్నాళ్లూ చార్టు మీదే బండి నడిపినవాడు, ఆ ప్రయోగం అంతకుముందు ఒక్కసారి కూడా చేసి చూడలేదు.

ఫైనల్ లెసన్ రోజు చీకటితోనే లేచాడు. పెరట్లో మందార చెట్టు నుంచి లేత, ముదురు చూసి చూసి ఆకులు కోశాడు. సిమెంటు దుమ్ము పోయేలా కడిగాడు.

"దానికి స్నానం చేయించావు సరే, నువ్వు చేశావా?" అంది వాళ్లమ్మ పున్నమ్మ.

తడి జేబురుమాల్లో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత బిగించి, మొదటి బస్సెక్కాడు.

ఎగ్జామినర్ పేరు జగన్నాథరావు. వెనక బెంచీలో కూర్చుని ప్లాన్ తెరిచాడు. పాఠం చక్కగా సాగింది. రూబెన్ మూడు ప్రశ్నలూ అడిగాడు. పాఠం పేరు పిల్లల చేతే చెప్పించాడు. ఆకుని స్పిరిట్‌లో ఉడికించాడు, పచ్చదనమంతా దిగిపోయింది. పళ్లెంలో పరిచి అయోడిన్ చుక్కలు వేశాడు.

"ఆకు ఏ రంగులోకి మారింది?"

"నీలం సార్!"

జగన్నాథరావు తలెత్తకుండానే ప్లాన్ మీద టిక్కు పెట్టాడు. కుడి గడిలో నీలమనే ఉంది.

రూబెన్ పళ్లెంలోకి చూశాడు. ఆకు అయోడిన్ రంగులోనే, గోధుమరంగుగా, వాడిపోయి పడుంది.

"సరిగ్గా చూసి చెప్పండి."

సారు ఎగ్జామినర్ కోసం గట్టిగా చెప్పిస్తున్నాడనుకున్నారు. పైకప్పు లేచిపోయేలా అరిచారు. "నీలం సార్! నీలం నలుపు సార్!" జగన్నాథరావు ఇంకో టిక్కు పెట్టాడు.

ఇక "వెరీగుడ్" అనేస్తే సరిపోయేది. అది కూడా ప్లాన్‌లో రాసే ఉంది. కానీ రూబెన్‌కి ఒళ్లు మండింది. దాన్ని నిజాయితీ అనుకోనక్కర్లేదు, వట్టి చిరాకు. ఇంతమంది కలిసి తన కళ్లని అబద్ధం చేస్తుంటే తట్టుకోలేకపోయాడు.

"కాలేదర్రా. చూడండి. ఎక్కడుంది నీలం?" పళ్లెం ఎత్తి బెంచీల మధ్య తిప్పాడు. "ఎందుకు కాలేదో ఎవరన్నా చెప్పండి. నాకూ తెలీదు."

అందరూ జగన్నాథరావు వైపు తిరిగారు. ఆయన ప్లాన్‌లో పేజీలు తిప్పి వెతుకుతున్నాడు. ఈ ప్రశ్న ఎక్కడా లేదు.

చివరికి క్రిస్టీ మెల్లగా లేచింది. "ఆకు ఎప్పుడు కోశారు సార్?"

"పొద్దున. బస్సుకి ముందు."

"అప్పటికి ఎండొచ్చిందా?"

రాలేదు. ఎండ ఉంటేనే ఆకు పిండిపదార్థం చేసుకుంటుందని నాలుగు వారాల పాటు ఈ పిల్లల చేత వల్లె వేయించినవాడు, ఎండ రాకముందే ఆకు కోసి, డబ్బాలో పెట్టి, చీకట్లోనే ఊరు దాటించాడు. ముందురోజు ఎండలో ఆకు దాచుకున్నది రాత్రే ఖర్చయిపోయింది. రూబెన్ మొహం చూసి ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత క్లాసంతా పగలబడింది. అతనూ నవ్వేశాడు. "మరి మధ్యాహ్నం కోస్తే?" "మబ్బు పడితే?" "డబ్బాలో పెడితే తగ్గుద్దా సార్?" అంటూ ప్రశ్నలు మీద పడ్డాయి. చేతులన్నీ లేచాయి. కుడో ఎడమో ఎవరికీ గుర్తులేదు. ఒక్కదానికి జవాబు చెప్పేలోపే బెల్లు కొట్టారు. పునర్విమర్శ, ఇంటిపని అలాగే ఉండిపోయాయి.

వరండాలో జగన్నాథరావు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఆ అమ్మాయి ప్రశ్న నీ ప్లాన్‌లో లేదేం?"

"లేదండి."

"పిల్లలు అడిగినదానికి మార్కులెయ్యడానికి నా షీట్లోనూ గడి లేదోయ్." షీటు మీద వేలు పెట్టి ఒక్కో గడీ చూశాడు. "ఇంటిపని ఇవ్వలేదు, పోయింది. పునర్విమర్శ లేదు, అదీ పోయింది. ప్రయోగం ఫలితం రాలేదు. పాస్ చేస్తాలే, పో. అంతకుమించి అడక్కు."

పాస్ చాలు. డీఎస్సీకి అప్లై చెయ్యొచ్చు. రూబెన్ గేటు దాటుతుంటే క్రిస్టీ, ఇంకో ఇద్దరు పిల్లలు వెంటపడ్డారు. వాళ్ల మొహాల్లో కోపం.

"పాసయ్యారా సార్?"

"అయ్యానమ్మా. బొటాబొటీ."

"మేం నీలమన్నాం గదా! ఊరుకుంటే ఫస్టొచ్చేది. పోయిన టీచర్‌కి చిక్కుడు గింజ మొలవకపోతే మొలిచిందని చెప్పాం. ఆమె మాకు చాక్లెట్లు కూడా పంచింది."

"అయితే... నీలం కాలేదని మీకు ముందే కనపడిందా?"

క్రిస్టీ అతన్ని ఎగాదిగా చూసింది.

"మాకు కళ్లు లేవా ఏంటి సార్?"