ఎడమ చెవికి నలభై నిమిషాలు

పొద్దున ఆరున్నరకు తల్లి కూతురి కుడి చెవి వెనక ఉన్న యంత్రాన్ని తీసి గూట్లో పెడుతుంది. అక్కణ్ణించి నలభై నిమిషాలు ఆ పిల్లకు ఎడమ చెవి ఒక్కటే దిక్కు.

పిల్లకు తొమ్మిదేళ్లు. ఇంట్లో గువ్వ అంటారు. పుట్టు చెవుడు. రెండో ఏట కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. చర్మం కింద ఒక భాగం ఉంటుంది, చెవి వెనక తగిలించుకునే యంత్రం ఒకటి. ఆ చెవికి మాటలు నేర్పింది తల్లే. ఆమె ఒక బట్టల దుకాణం వెనక గదిలో టైలరు. ప్యాంట్లు పొట్టి చేస్తుంది, నడుములు వదులు చేస్తుంది. ఏ పనికైనా కొలత ఉండాలంటుంది. నెలకిన్ని మాటలని గీత గీసుకుని, నాలుగేళ్లలో గువ్వ చేత గుక్క తిప్పుకోకుండా మాట్లాడించింది.

"ఇప్పుడు దీని నోరు మూయించడానికి ఏ డాక్టరు దగ్గరికెళ్తావే?" అనేది దుకాణంలో కాజాలు కుట్టే అక్క.

రెండో చెవికీ ఇంప్లాంట్ పెట్టించాలన్న ఆలోచన రోడ్డు మీద పుట్టింది. ఒంటి చెవితో వినేవాళ్లకు మాట వినిపిస్తుంది గానీ, ఎటునుంచి వచ్చిందో తెలియదు. బడి ముందు తల్లి ఎడమవైపు నుంచి పిలిస్తే గువ్వ కుడివైపు పరిగెత్తింది. వ్యాను డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి సరిపోయింది.

భర్త బస్సు నడుపుతాడు. అతను ఒప్పుకోలేదు. గువ్వ ఎడమ చెవిలో పుట్టుకతో మిగిలిన వినికిడి కాస్త ఉండేది. మామూలు వినికిడి మిషన్ పెడితే బరువైన శబ్దాలు అందేవి. అతని గొంతు అందులో ఒకటి. ఆపరేషన్ చేస్తే ఆ కాస్తా పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు.

"ఆ చెవిలో దానికి వినబడే మనిషిని నేనొక్కణ్ణే. నన్నూ తీసేస్తానంటావా?"

"కుడి చెవిలో వినబడటం లేదా ఏంటి మీరు? రేపు అది రోడ్డు దాటేటప్పుడు మీరు బస్సులో ఉంటారు, దాని పక్కన ఉండరు."

అతను కూతురి వైపు తిరిగాడు. "చూశావా గువ్వా, మీ అమ్మకి రెండు చెవులూ బ్రహ్మాండంగా ఉన్నాయి. నా మాట వినడానికి మాత్రం ఒక్కటీ పనిచెయ్యదు."

ఆ మాట అని ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పాత వినికిడి పోయింది. కొత్త యంత్రం ఆన్ చేసిన రోజు, క్లినిక్‌లో ఇలాంటి పిల్లలకు మాటలు నేర్పే మేడమ్ ఉన్నదున్నట్టు చెప్పింది. కుడి చెవి బాగా ఆరితేరింది, అది తోడుంటే ఎడమది ఒళ్లు వంచదు. రోజూ కాసేపు కుడిది తీసేసి ఎడమదానికే పని చెప్పాలి. మొదటి ఏడాదిలో పట్టుబడకపోతే, ఇంత ఆలస్యంగా పెట్టించుకున్న పిల్లలు చాలామంది రెండో యంత్రాన్ని తీసి పక్కన పడేస్తారు.

పిల్ల పెదాలు చూసి చెప్పకూడదు. అందుకు క్లినిక్‌లో మేడమ్ నోటికి అడ్డంగా ఒక చట్రం పట్టుకుంటుంది, నల్ల గుడ్డ బిగించిన ఎంబ్రాయిడరీ ఫ్రేము అది. ఇంటి కోసం అలాంటిది తల్లి తనే తయారుచేసింది. కొత్త చెవికి మందపాటి గుడ్డ అడ్డం కాకూడదనుకుంది. దుకాణంలోని లైనింగులన్నీ వేళ్ల మధ్య నలిపి చూసి, అన్నిటికన్నా పల్చటి నల్ల వాయిల్ గుడ్డ ఎంచుకుంది. పగటి వెలుగులో నోటికి అడ్డం పెట్టుకుని అద్దంలో చూసుకుంది. నలుపు తప్ప ఏమీ కనబడలేదు. పొద్దున వెలుతురు చాలని ఇంట్లో కుట్టుమిషన్ దగ్గర కూర్చుని, మాటల జాబితా చదువుకోవడానికి మిషన్ దీపాన్ని తన వైపు తిప్పుకుంది.

మొదటి వారం గువ్వ ఇరవై మాటల్లో మూడు సరిగ్గా చెప్పింది. రెండో నెలలో పదకొండు. మూడో నెలాఖరుకు పద్దెనిమిది. నోటుపుస్తకం నిండా టిక్కులు. భర్త ముందు తెరిచి పెట్టింది.

"సరే, గెలిచావులే," అన్నాడతను.

నాలుగో నెల పరీక్షలో మేడమ్ కుడి చెవి యంత్రం తీయించి, గువ్వ వెనక నిలబడి ఇరవై మాటలు చెప్పింది. విన్నదానికి బొమ్మ చూపించాలి. మూడే కలిశాయి.

"మీ గొంతు అలవాటు లేదు మేడమ్. ఇంట్లో పద్దెనిమిది చెప్తుంది. పుస్తకం చూడండి."

"అయితే మీరే చెప్పండమ్మా."

తల్లి కూతురి వెనక నిలబడింది. "గొడుగు." గువ్వ కదల్లేదు. "గొడుగు," మళ్లీ అంది, కొంచెం గట్టిగా. గువ్వ బొమ్మల వంక చూసి, మెల్లగా తల వెనక్కి తిప్పి, అమ్మ నోటి వంక చూసింది.

ఇంట్లో ఎలా కూర్చుంటారో అడిగి మేడమ్ ఆ చట్రం తీసుకుంది. తల్లిని పిల్ల కుర్చీలో కూర్చోబెట్టి, గది లైటు ఆపి, బల్ల దీపం తన ముఖం వైపు తిప్పుకుంది. గుడ్డ వెనక పెదాలు కదిలాయి. మేడమ్ గొంతు విప్పకుండా అన్న మాట "పువ్వు" అని తల్లికి తెలిసిపోయింది. వెలుతురు ఏ వైపుంటే గుడ్డలోంచి ఎటు కనబడుతుందో ఆ గదిలో తల్లి కన్నా బాగా తెలిసినవాళ్లు లేరు.

గువ్వకు కుడి చెవి యంత్రం పెట్టాక తల్లి అడిగింది.

"నీకు నా నోరు కనబడుతోందా?"

"ఊఁ."

"మొదటి రోజు నుంచీనా?"

"మొదట్లో చూళ్లేదు. తర్వాత చూశా."

"మరి చెప్పలేదేం?"

"తప్పులొస్తే నువ్వు ఏమీ తినకుండా పనికి పోతావు. రైటు చెప్తే తింటావు."

తల్లి నోటుపుస్తకం మూసేసింది. "పోనీ, ఎడమ చెవిలో ఏం వినిపిస్తుందమ్మా?"

"గరగర. అందరూ ఒకటే."

"నాన్న గొంతు?"

ఏది సరైన జవాబో అన్నట్టు గువ్వ మేడమ్ వంక చూసింది. "ముందుండేది," అంది.

సాయంత్రం భర్త డ్యూటీ దిగి వచ్చాక జరిగింది చెప్పింది. తిట్టినా బాగుండేది. అతను బూటు విప్పుకుంటూ, "ఎన్నొచ్చాయి?" అన్నాడు.

"మూడు."

అతను రెండో బూటు చాలాసేపటిదాకా విప్పలేదు.

ఏడాదిలో ఎనిమిది నెలలు మిగిలాయని, మాటలు పక్కనపెట్టి అక్షరాల నుంచి మొదలుపెట్టమని, చెవి పట్టుబడుతుందని మాట మాత్రం ఇవ్వలేనని మేడమ్ చెప్పి పంపింది. మర్నాడు తల్లి కూతురి వెనక కూర్చుంది. గువ్వ ముందు రెండు అట్టముక్కలు, ఒకదాని మీద "ఆ", ఇంకోదాని మీద "ఈ". తల్లి ఏది పలికితే అది పైకెత్తాలి. పదిసార్లు పలికింది. ఏమీ వినకుండా ఊహించి ఎత్తినా ఐదు దాకా కలుస్తాయి.

గువ్వకు నాలుగు కలిశాయి. తల్లి పుస్తకంలో నాలుగే రాసింది.