తొమ్మిదో నంబరు మ్యాచ్‌కెళ్ళిన రోజు

రత్నకుమారిని చూసినవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళు ఎక్కువ. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని సుందరి పంప్స్‌కి ఏ జిల్లా నుంచి ఏ డీలరు ఫోన్ చేసినా ముందు వినపడేది ఆవిడ గొంతే. "నమస్కారమండీ, సుందరి పంప్స్, చెప్పండి." ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే మాట, అదే రాగం. ఆవిడ ఎక్స్‌టెన్షన్ తొమ్మిది. ఆఫీసులో సగం మంది పేరు మర్చిపోయి "తొమ్మిదిగారూ" అనే పిలుస్తారు.

యజమాని చలపతిరావుగారికి రెండు పట్టింపులున్నాయి. ఫోన్ మూడోసారి మోగేలోపల ఎత్తాలి. తనకొచ్చిన ఫోన్ ఎవరిదైనా సరే, ముందు రత్నకుమారి తీసుకుని, ఫలానావారండీ అని చెప్పి, ఆయన "ఊఁ" అన్నాకే కలపాలి. మూడో రింగు దాకా వెళ్ళిన ఫోన్ ఇంతవరకూ ఒక్కటి లేదు. కుడిచేత్తో ముద్ద కలుపుతూ ఎడమచేత్తో రిసీవరు పట్టుకున్న మనిషి మరి.

ఆవిడకున్న పిచ్చల్లా క్రికెట్. చిన్నప్పుడు రేపల్లెలో బంతి ఏరుకురమ్మని అన్నలు తోలితే, ఏరుకొచ్చి ఇవ్వకుండా తనే బౌలింగ్ వేసిన రకం. పెళ్ళై ఉప్పల్ వచ్చాక ఆ పిచ్చి ముదిరింది. ముదరదూ? డాబా ఎక్కితే స్టేడియం లైట్లు కనపడతాయాయె! అయినా లోపలికి అడుగు పెట్టింది లేదు. పగటి మ్యాచ్ వచ్చినప్పుడల్లా సెలవడగడం, చలపతిరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "మరి ఫోన్ బోర్డు ఎవరు చూస్తారమ్మా?" అనడం. ఏం చెప్తుంది పాపం? అలాగే సార్ అని వచ్చి కూర్చునేది. గాలి ఇటు వీచినప్పుడు స్టేడియం హోరు కిటికీలోంచి వచ్చేది. అది విని, అవుటా, ఫోరా అని ఊహించుకునేది.

ఈ ఏడు కంపెనీకి కొత్త ఫోన్ సిస్టమ్ వచ్చింది. బిగించడానికొచ్చిన తేజేష్ పక్కన నిలబడి చూపించాడు.

"అక్కా, స్టార్ నొక్కి సెల్ నంబర్ కొట్టు, అంతే. ఎవరి ఎక్స్‌టెన్షనైనా ఆళ్ళ సెల్లుకు వోతది. ఆళ్ళు యాడున్నా ఫికర్ లేదు."

"తొమ్మిది కూడానా?" అంది రత్నకుమారి, ఊరికే అడిగినట్టు.

"ఎందుకు వోదక్కా? నీ సెల్లుల యాప్ ఏస్త. కాల్ తీస్కో, ఎవరికన్న కలుపు. బోర్డంతా నీ చేతులనే ఉంటది."

బుధవారం సాయంత్రం చలపతిరావుగారు బుగ్గ పట్టుకుని వచ్చారు. "రేపు పంటి డాక్టరు దగ్గరికెళ్ళాలమ్మా. రోజంతా పట్టేలా ఉంది. నా ఎక్స్‌టెన్షన్ సెల్‌కి పెట్టెయ్యండి." పెట్టింది. పెట్టి, తన ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. రేపే ఉప్పల్‌లో టెస్టు మ్యాచ్ మొదలు. అడిగితే ఆయన మళ్ళీ కళ్ళజోడు తీస్తారు. అందుకే అడగలేదు. స్టార్ నొక్కింది, తన సెల్ నంబరు కొట్టింది, దేవుడా అనుకుని టికెట్ కొనేసింది. ఒక్క ఫోన్ మూడో రింగు దాకా వెళ్ళిందా, ఇరవై ఒక్క ఏళ్ళ పేరు మూసీలో కలిసినట్టే. ఉద్యోగం సంగతి సరేసరి.

గురువారం మెట్లెక్కి లోపలికి రాగానే ఆ పచ్చదనం చూసి ఆవిడకి నవ్వాగలేదు. టీవీలో చూసింది ఎందుకూ కొరగాదు! పక్క సీట్లో బోడుప్పల్ మేస్త్రి పోశయ్య పల్లీలు చేతిలో పోసి, "ఏందక్కా, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అన్నాడు. మధ్యాహ్నం దాకా ఏడు ఫోన్లొచ్చాయి. ఏడూ రెండో రింగులోనే ఎత్తింది, ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని మాట్లాడింది. "ఏంటమ్మా ఆ గోల?" అని ఒక డీలరు అడిగితే, "కొత్త మోటారు టెస్టింగండీ" అంది. అబద్ధమాడి లెంపలేసుకుంది కూడా.

మనవాడు తొంభై తొమ్మిదికి వచ్చాడు. స్టాండు స్టాండంతా లేచి నిలబడి అరుస్తోంది. అప్పుడు మోగింది ఫోన్. ఖమ్మం డీలరు విజయభాస్కర్! ఈ గోలలో ఎత్తితే అయిపోయినట్టే, ఎత్తకపోయినా అయిపోయినట్టే. రెండో రింగు. రత్నకుమారి గభాలున కుర్చీ ఎక్కింది.

"అయ్యా, అమ్మా, ఒక్క నిమిషం! ఆఫీసు ఫోన్!"

పోశయ్య అందుకున్నాడు. "అరేయ్, సప్పుడు బంద్ జేయుర్రి! అక్కకు ఆఫీస్ ఫోనొచ్చింది!"

నమ్మండి, మానండి, స్టాండంతా గప్‌చుప్. అందరి వేళ్ళూ పెదాల మీదే. సగం మంది ఆఫీసుకి ఏదో ఒకటి చెప్పి వచ్చినవాళ్ళేనాయె, ఆ కష్టం వాళ్ళకి తెలుసు. రత్నకుమారి చున్నీ చాటుకి దూరి గొంతు తగ్గించింది.

"నమస్కారమండీ, సుందరి పంప్స్, చెప్పండి."

"మేడమ్, చలపతిరావుగారిని అర్జంటుగా ఇవ్వండి."

"ఉండండి, కలుపుతా." చలపతిరావుగారి నంబరు నొక్కింది. ఆ నిశ్శబ్దంలో, సరిగ్గా మూడు వరసల కింద, ఒక సెల్‌ఫోన్ వినాయకుడి శ్లోకం పాడింది.

"ఆఁ, చెప్పమ్మా," అన్నాడొక బట్టతల పెద్దమనిషి, స్టాండంతటికీ వినపడేలా. "డాక్టరు దగ్గరున్నాను, నోరు తెరిచి ఉంది."

స్టాండు గొల్లుమంది. ఆయన వెనక్కి తిరిగాడు. చలపతిరావుగారే! నొప్పి పుట్టిన బుగ్గ మీదే మూడు రంగుల జెండా వేయించుకున్నారు. ఎదురుగా కుర్చీ మీద, చెవి దగ్గర ఫోనుతో రత్నకుమారి. ఇద్దరిదీ దొంగకు తేలు కుట్టిన వాలకమే. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఖమ్మం విజయభాస్కర్‌గారండీ," అంది.

"ఊఁ," అన్నారు. కలిపింది.

ఆయన మాట్లాడుతుండగానే మనవాడు సెంచరీ కొట్టాడు. రత్నకుమారి ఎగరలేదు. కుర్చీ దిగి, ఫోన్ రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఆయన ఫోన్ పెట్టేసి, మూడు వరసలెక్కి వచ్చి, కళ్ళజోడు తీశారు.

"బోర్డు ఎవరు చూస్తున్నారమ్మా?"

"నేనే సార్." ఫోన్ చూపించింది. "రెండో రింగులోనే ఎత్తాను."

ఆయన కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నారు. "ఇన్నేళ్ళలో మ్యాచ్ కోసం ఎన్నిసార్లు సెలవడిగారు?"

"పదకొండుసార్లు సార్."

"పదకొండు మ్యాచులూ నేను చూశానమ్మా," అన్నారాయన, గొంతు బాగా తగ్గించి. "మీరు బోర్డు దగ్గరున్నారన్న ధీమాతోనే."

రత్నకుమారికి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. ఏది ముందు పడాలో తెలియక ముక్కు చీదింది. చలపతిరావుగారు చెయ్యి చాచి, "ఇలా ఇవ్వండి ఆ ఫోను," అన్నారు. పోశయ్య "జర జరుగుర్రి సార్‌కు" అని చోటిచ్చాడు. ఫోను ఆయన చేతికొచ్చిందో లేదో మోగింది. ఆయన చేతిలో పెట్టుకుని తెల్లమొహం వేశారు.

"ఎత్తండి సార్, రెండోది అయిపోతోంది," అంది రత్నకుమారి, గ్రౌండు మీంచి చూపు తిప్పకుండా.

"నమస్కారమండీ, సుందరి పంప్స్, చెప్పండి," అన్నారు చలపతిరావుగారు, అచ్చం ఆవిడ రాగంలోనే.

అవతలివాళ్ళు కంగారుపడ్డారు. "మేడమ్‌గారు లేరా అండీ?"

ఆయన తలెత్తి చూశారు. తొమ్మిదో నంబరావిడ కుర్చీ ఎక్కి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తోంది.

"ఉన్నారండీ. ఇవాళ మాత్రం దొరకరు. నాతో చెప్పండి."