పదకొండు చెట్ల విలువ

పార్కుల విభాగంలో ఆమెను అందరూ టేపమ్మ అనేవారు. భుజాన సంచి, అందులో కొలత టేపు, చెక్క సుత్తి. నగరంలో ఏ చెట్టు కొట్టాలన్నా ముందు ఆమె వెళ్లి చూడాలి. చుట్టుకొలత తీసేది, మాను తట్టి చెవి ఆనించి వినేది, నీడ ఎంత మేర పడుతుందో అడుగులేసి చూసేది. ఆ నీడవల్ల పక్క ఇళ్లలో ఎంత కరెంటు మిగులుతుందో, ఎంత వాననీరు ఇంకుతుందో, ఎంత దుమ్ము ఆగుతుందో లెక్కగట్టి విలువ రాసేది. కొట్టేవాళ్లు ఆ మొత్తం కట్టాలి. ఆమె కాగితం చూసి గొడ్డలి దించేసినవాళ్లు చాలామందే.

భర్త పుస్తకాలు బైండు చేసేవాడు. ఒక మధ్యాహ్నం గాలివాన వస్తే స్కూటరు ఆపి ఆస్పత్రి వీధిలో ఒక చెట్టు కింద నిలబడ్డాడు. చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. ఆస్పత్రి గేటుకు ఇరవై అడుగుల దూరంలో అతను ప్రాణం వదిలాడు. ఆ చెట్టు బాగుందని ఐదు నెలల కిందట సంతకం పెట్టింది ఆమే.

విచారణ జరిగింది. ఆమె చూసి వెళ్లాక ఎవరో పైపు కోసం కాలువ తవ్వి, ఒకవైపు వేళ్లన్నీ నరికేశారని తేలింది. "నీ తప్పేం లేదమ్మా" అన్నారందరూ. ఆమె తల ఊపింది. తప్పు నీదే అన్నా అలాగే ఊపేదేమో. ఏడుపు రాలేదు. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. భర్త అక్క వచ్చి ఇల్లు చూసుకుంటోంది.

ఇరవై రోజులకు మళ్లీ పనిలో చేరింది. నెల తిరక్కుండా పై అధికారి పిలిచాడు. మిగిలిన పదకొండు చెట్లూ కొట్టేయమని ఆస్పత్రి వీధివాళ్లు అర్జీ పెట్టారు.

"వేరేవాళ్లని పంపిస్తాలేమ్మా."

"అది నా వార్డే కదండీ. నేనే వెళ్తాను."

ఆయన గొంతు తగ్గించాడు. "పోనీ, విలువ కాస్త తక్కువగా రాసెయ్. ఫైలు గబగబా కదులుతుంది. నిన్నెవరూ పల్లెత్తు మాట అనరు."

ఆమె అర్జీ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో సంగతి విని వదిన కంచం పక్కకు నెట్టేసింది. "నా తమ్ముణ్ణి మింగిన వీధికి పోయి వాటికి ధర కడతావా? నీకు మనసెలా ఒప్పుతోందే?"

"మనసు ఏమీ అనట్లేదు వదినా. అందుకే వెళ్లగలుగుతున్నా."

పడిన చెట్టు ఉన్నచోట కంకర పోసి చదును చేశారు. ఆమె దాన్ని దాటుకుని మొదటి చెట్టు దగ్గరికి నడిచింది. ఈసారి చిన్న పార కూడా తెచ్చుకుంది. ప్రతి మాను చుట్టూ మట్టి తోడి వేళ్లు చూసింది. మందుల షాపతను బయటికొచ్చాడు.

"కొట్టేస్తారుగా అమ్మా? ఇక్కడో మనిషి పోయాడు."

"తెలుసండీ. ఈ టేపు చివర కాస్త పట్టుకుంటారా?"

అతను పట్టుకున్నాడు. ఏడో చెట్టు డొల్లగా మోగింది. ఆమె మూడుసార్లు తట్టి చూసి, కొట్టేయాలని రాసింది. మిగతా పదీ గట్టివి. వాటి విలువ ఒక్క రూపాయి తగ్గించకుండా వేసింది. వేళ్ల దగ్గర ఎవరు తవ్వాలన్నా ముందు విభాగం అనుమతి తీసుకోవాలని అడుగున కలిపింది.

అధికారి రెండుసార్లు చదివి, నిట్టూర్చి సంతకం పెట్టాడు. ఒక చెట్టు పోయింది. పది మిగిలాయి. వదిన నాలుగు రోజులు మాట్లాడలేదు.

తర్వాతి వారం వదినను బీపీ చూపించడానికి అదే ఆస్పత్రికి తీసుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు ఆలస్యమైంది. వదిన చెట్ల కిందికి రానంది. ఆమె కూడా పక్కనే నిలబడింది. నడినెత్తిన ఎండ మాడుస్తోంది.

"నువ్వు పోయి నీడలో నిలబడవే."

"నాకు ఎండేం తెలియట్లేదు వదినా."

వదిన ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత మణికట్టు పట్టుకుని బరబరా చెట్టు కిందికి లాక్కెళ్లింది. ఆ పట్టుకు ఆమె చెయ్యి నొప్పెట్టింది. ఆ నొప్పి ఆమెకు తెలిసింది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.