బొజ్జాయి పొట్ట రంగు

"నల్లగా ఉందండీ. బొగ్గులో దొర్లినట్టుంది."

"తెల్లగానే ఉంది. నీకు అన్నీ నల్లగానే కనిపిస్తాయి."

"తొట్టి పక్కన నిలబడే చెబుతున్నా. కళ్లెక్కడ పెట్టుకున్నారు?"

గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే నాకు వినిపించిన మాటలివి. అత్తా మావయ్యా పోట్లాడుకుంటున్నది బొజ్జాయి గురించి. బొజ్జాయంటే వాళ్ల గాజుతొట్టిలో ఉండే పఫర్ చేప. విసిగిస్తే బంతిలా ఉబ్బుతుందని ఆ పేరు. వీపు మీద మచ్చలు, పొట్టేమో తెలుపు.

మావయ్య రంగుల కొట్లో పనిచేస్తాడు. ఎవరైనా పాత గోడ పెచ్చు పట్టుకొస్తే దానికి అచ్చంగా సరిపోయే రంగు కలిపిస్తాడు. కొట్లో మిషను ఉంది, కానీ దానికి అంతుపట్టని పెచ్చులన్నీ ఈయన దగ్గరికే వస్తాయి. ఆ గొప్ప మాకు కొత్త కాదు. మా ఇంటికొస్తే మంచినీళ్లయినా ముట్టకముందే హాలు గోడకేసి చూసి, ఎవడు కలిపాడిది, పసుపు ఎక్కువేసి చచ్చాడు అంటాడు. నేను కాలేజీ మానేస్తే తిట్టనివాడు ఆయనొక్కడే. ఆకుపచ్చ ప్యాంటు కొన్నందుకు మాత్రం తిట్టాడు.

అత్త నన్ను చూడగానే తీర్పు చెప్పమంది. నేను నీళ్లు నమిలే రకం కాదు.

"నల్లగానే ఉంది మావయ్యా" అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. ఈ చేప నిద్ర లేచినప్పుడో కోపమొచ్చినప్పుడో నల్లబడుతుందనీ, కాసేపటికి అదే తెల్లబడుతుందనీ పాత పాఠం ఎత్తుకున్నాడు. అది నిజమే. కానీ పొద్దుట్నుంచీ ఇదే రంగనీ, ఇష్టమైన నత్త వేసినా మూతి తిప్పుకుందనీ అత్త అంది. రోజంతా పొట్ట నల్లగా ఉందంటే ఒంట్లో బాగాలేదన్నమాట. చాలాసార్లు నీళ్లు చెడి ఉంటాయి. ఆ సంగతి నాకు చెప్పింది కూడా ఆయనే.

నీళ్లు బానే ఉన్నాయి, వారం వారం చూస్తున్నాగా అంటూ ఆయన చిన్న గాజు గొట్టంలోకి తొట్టి నీళ్లు తీశాడు. మందు చుక్కలు వేసి ఊపాడు. నీళ్లు పసుపైతే క్షేమం. ఆకుపచ్చ ఎంత ముదిరితే విషం అంత ఎక్కువ.

కిటికీ వెలుగులో, రంగుల అట్ట పక్కన గొట్టం పట్టుకున్నాడు. కొట్లో పెచ్చు పట్టుకున్నట్టే, మెడ కాస్త వంచి.

"చూడండి. పసుపు."

గొట్టం నా ప్యాంటు రంగులో ఉంది.

అత్త బకెట్ కోసమని పెరట్లోకి వెళ్లిపోయింది. గెలిచిన పోట్లాటని ఆవిడ అలా వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు. మావయ్య నా మొహంలోకి చూశాడు, మళ్లీ గొట్టంకేసి చూశాడు. దాన్ని గుప్పిట్లో దాచేశాడు.

సగం నీళ్లు తోడి, ఉప్పు కలిపిన కొత్త నీళ్లు పోశాం. తోడుతున్నంతసేపూ ఆయన తలెత్తలేదు. ఈమధ్య ఒకావిడ, కలిపిన రంగు గోడకి అతకలేదని డబ్బా వెనక్కి తెచ్చిందట. మీ గోడే చెమ్మగా ఉందని అందరి ముందూ దబాయించి పంపేశాడట. ఆవిడ మాటే నిజమేమోరా అన్నాడు, బకెట్‌లోకి చూస్తూ.

బొజ్జాయి ఇంకా మూలనే ఉంది, నల్లగా. తెల్లబడిందా అని ఆయన అడగలేదు.

"రేపు కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా?" అన్నాడు, అత్తకి వినపడకుండా.

సరేనన్నాను.

"అక్కడ నేనేం పని చేస్తానని అడుగుతారు. నువ్వే ఏదో ఒకటి చెప్పు. రంగులు కలుపుతానని మాత్రం చెప్పకురా."