పసుపు గుడ్డలో రూపాయి

పాత గుడి కోసం తవ్వకం జరిగే చోట రాత్రికి రాత్రి దొంగ గుంతలు పడుతున్నాయని తెలిసినప్పటి నుంచి ఆ కొండవాలు మీద ఎవరూ ఎవరినీ నమ్మడం లేదు. మెటల్ డిటెక్టర్లతో వచ్చే దొంగలకు చోటు చూపిస్తున్నది లోపలివాళ్ళేనని డాక్టర్ ఫ్రాంకేకు గట్టి అనుమానం. తవ్వకానికి ఆవిడే పెద్ద. పొద్దున్నే అందరి ముఖాలూ ఒకసారి తేరిపార చూశాకే "గూటెన్ మోర్గెన్" అని పలకరించేది.

సంయుక్తది పక్కనున్న కంటైనర్‌లో పని. మట్టిలో దొరికిన పెంకుల్ని, ఎముకల్ని బ్రష్షుతో కడిగి ఆరబెట్టాలి. ఏలూరులో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పిన మనిషి. భర్త సుమంత్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట జర్మనీలోని వాల్డార్ఫ్ దగ్గరికి వచ్చి, కూతురు రిషితకు కీటాలో, అంటే అక్కడి చిన్నపిల్లల బడిలో, సీటు దొరికేదాకా వంటింటికీ కిటికీకీ మధ్య తిరిగింది. ఆ తర్వాత రైన్ నది అవతల ఈ పనికి కుదిరింది. "మీ ఆయన జీతం చాలట్లేదా?" అని పార్టీల్లో అడిగిన తెలుగువాళ్ళకు "ఆయన జీతం ఆయనది" అని మొహం మీదే చెప్పేది. కాకపోతే ఇది సీజన్ పని. వచ్చే ఏడాదికి కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఇంకా తేలలేదు.

రోమన్ల ఏలుబడిలో అక్కడి కెల్టు తెగ జనం కట్టుకున్న గుడిని తవ్వుతున్నారు. మిగిలినవి పునాదులే. నడుమ చదరపు గది, దాని చుట్టూ నడవా. మొక్కు తీరాక జనం చెల్లించిన కానుకలు ఆ నడవాలో దొరుకుతున్నాయి. వంచేసిన బుల్లి ఈటెలు, ఉలితో గాటు పెట్టిన నాణేలు. దేవుడికిచ్చింది మళ్ళీ మనిషి వాడుకోకుండా అలా పాడుచేసి ఉంటారని ఫ్రాంకే చెబితే సంయుక్త నవ్వింది. గుళ్ళో కూడా పక్కవాడిని నమ్మలేదన్నమాట!

ఆదివారం ఊరి జనానికి తవ్వకం చూపించారు. ఏలూరు నుంచి వచ్చి ఉన్న అత్తగారు శారదాదేవిని సంయుక్త వెంటబెట్టుకెళ్ళింది. చూడవచ్చినవాళ్ళు చుట్టూ కట్టిన తాడు దాటకూడదన్నది అక్కడి కట్టుబాటు. "ఒక్కసారి గుడి చుట్టూ తిరిగొస్తానే" అని పెద్దావిడ బతిమాలితే, ఎవరూ చూడకుండా తాడు ఎత్తి పట్టుకుంది.

సోమవారం నడవా మూలలో, వదులు మట్టి కింద ఒక పసుపు గుడ్డ మూట బయటపడింది. అందులో రూపాయి బిళ్ళ. ఫ్రాంకే దాన్ని తిప్పి చూసి "ఇండియా" అంది. దొంగల కోసం పెట్టిన గుర్తని అక్కడికక్కడే తేల్చేసింది. ఆ మూలలో తవ్వుతున్నది హమ్మాద్. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటూ, సెలవుల్లో తవ్వకం పని చేస్తున్నాడు. అతని బ్యాగు తెచ్చి బల్ల మీద బోర్లించారు. అన్నం డబ్బా, ఛార్జర్, మడత పెట్టిన జానిమాజ్. ఆ నమాజు చాపను కూడా విప్పి దులిపారు.

అక్కడ ఇండియావాళ్ళు ఇద్దరు. రెండో బ్యాగు ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదో తెలుసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. పేరు చాలు.

మూట చూసిన క్షణమే అది ముడుపని సంయుక్తకు తెలిసిపోయింది. కోరిక చెప్పుకుని, పసుపు గుడ్డలో నాణెం ముడివేసి దేవుడి దగ్గర పెట్టడం పుట్టింట్లో, అత్తింట్లో ఎన్నిసార్లు చూడలేదు! అయినా చెప్పలేదు. తాను ఎత్తిన తాడు, తేలని కాంట్రాక్టు రెండూ గుర్తొచ్చి కంటైనర్‌లోకి వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే అత్తగారిని నిలదీసింది.

"అత్తయ్యా, ఆ గుళ్ళో ముడుపు పెట్టారా?"

"పెట్టాను. అయితే?"

"అది గుడి కాదండీ, తవ్వకం!"

"గుడేనని, జనం మొక్కులు తీర్చుకునేవారని ఆ తెల్లావిడ చెప్పింది. దాన్ని తెలుగులో నాకు చెప్పింది నువ్వేగా! దేవుడు కనబడకపోతే ఆ చోటు మహిమ పోతుందా? నీ ఉద్యోగం పర్మనెంటు కావాలని మొక్కాను తల్లీ, నాకోసమా?"

జరిగింది విని సుమంత్ లాప్‌టాప్ మూశాడు. "ఇప్పుడు నువ్వెళ్ళి చెప్పావనుకో, నీ కాంట్రాక్టు గోవిందా. అతను చెప్పుకుంటాడులే. అయినా ఆ కుర్రాడి సంగతి మనకేం తెలుసు? నిజంగానే ఏదైనా ఉందేమో."

"ఏముంటుంది?"

"ఏమో. ఎవరు చూశారు?"

ఆ 'ఏమో' విన్నాక సంయుక్తకు ఫ్రాంకే మీద కన్నా మొగుడి మీద ఎక్కువ కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ తన మీద వచ్చింది. ఎందుకంటే బ్యాగు బోర్లించినప్పుడు, ఒక్క రెప్పపాటు, అందులోంచి నాణేలు పడతాయేమోనని తానూ చూసింది.

"చూసింది చాలు. రేపు నేను చెబుతున్నాను" అంది.

"నేనూ వస్తానే. పెట్టింది నేనైతే నువ్వెందుకు మాట పడాలి?" అంది శారదాదేవి.

"మీరు రావద్దండీ. తాడెత్తింది నేను."

మంగళవారం పొద్దున్న అందరూ గుమిగూడినప్పుడే చెప్పింది. మూట తన అత్తగారిది, తాడెత్తింది తాను. ఫ్రాంకే ముఖం ఎర్రబడింది. హమ్మాద్ వైపు తిరిగి "చిన్న పొరపాటు" అంటూ వెళ్ళబోయింది.

"బ్యాగు అందరి ముందే బోర్లించారు. క్షమాపణ కూడా అందరి ముందే చెప్పండి" అంది సంయుక్త, తన జర్మన్ తడబడుతున్నా ఆగకుండా. "ఇండియా నాణెమైతే నా బ్యాగు ఎందుకు చూడలేదో కూడా చెప్పండి."

ఫ్రాంకే వెనక్కి వచ్చి హమ్మాద్ ముందు నిలబడి, అందరికీ వినబడేలా క్షమించమంది. రెండో ప్రశ్నను దాటవేసింది. కంటైనర్ దాకా వచ్చి మాత్రం, ఈ సీజన్ అయ్యాక సంయుక్త రానక్కర్లేదని పొడిగా చెప్పి వెళ్ళింది.

మధ్యాహ్నం కుళాయి దగ్గర హమ్మాద్ చేతులు కడుక్కుంటున్నాడు.

"షుక్రియా అక్కా" అన్నాడు. తర్వాత కుళాయి కట్టేసి, "ఒకటడుగుతా. నా బ్యాగు గుమ్మరిచ్చినప్పుడు నువ్వు ఆడ్నే ఉన్నవ్ గదా?" అని అడిగాడు.

"ఉన్నాను."

"అది ముడుపని అప్పుడే ఎరుకైందా?"

అబద్ధం చెప్పొచ్చు. ఇంటికెళ్ళాక తెలిసిందంటే అయిపోతుంది. అతను నమ్ముతాడు కూడా.

"అప్పుడే తెలిసింది" అంది సంయుక్త.

హమ్మాద్ తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని, తన గుంట వైపు నడిచాడు.